పదివేల నోళ్ళలో నీ పిలుపు

మావ్‌ఖార్, షిల్లాంగ్,
అక్టోబరు 27, మంగళవారం.

నా చిన్నతల్లి రిదాహున్‌కి అమ్మ దీవించి రాయునది.

ముందు అల్లుడు శాన్‌లాంగ్ ఎలా ఉన్నాడు? ఆ ఢిల్లీ నీళ్ళు పడక కడుపులో మంట అని రాశావు, తగ్గిందా? ఎండు చేపల పచ్చడి కొన్నాళ్ళు మానమని చెప్పు. మానడని నాకు తెలుసు, అయినా చెప్పు. నీ ఆడబిడ్డ బానిదా మోకాలు ఎలా ఉంది? పాపం నీ పురిటికని వచ్చి తనే మంచాన పడితే వాళ్ళమ్మ నన్నంటుంది. ఆవనూనె వేడి చేసి రాయించు, మరీ వేడి వద్దు, బొబ్బలెక్కుతుంది. పసిదానికి జలుబు తగ్గిందా? అక్కడ అప్పుడే పొగమంచు మొదలైందని రేడియోలో అన్నారు. తలుపులు మూసే ఉంచు. అలాగని బొగ్గుల కుంపటి గదిలో పెట్టుకుని తలుపులు మూయకు, పోయిన ఏడు లాబాన్‌లో ఒక ఇల్లంతా అలాగే ప్రాణాల మీదికి తెచ్చుకున్నారు. అందరినీ అడిగి చివరికి నిన్ను అడుగుతున్నాను. నిన్ను అడగడానికి నాకు మొహం చెల్లడం లేదు కనుక. రెండు నెలలకే ఆస్పత్రి డ్యూటీలో చేరావు, నడుం నొప్పి ఎలా ఉంది తల్లీ? అన్నం తింటున్నావా?

ఇక్కడ మేము బాగానే ఉన్నాం. బాగానే అంటే, నా ఎడమ కంటికి కొంచెం మసక, మీ మేనమామకి వానాకాలం దగ్గు ఇంకా పోలేదు, అంతే. పైకప్పు రేకు మార్పించావా అని అడిగావు. మార్పించాను. అయినా గాలి వీస్తే ఎగిరిపోతుందేమోనని మీద నాలుగు రాళ్ళు పెట్టించాను. ఇప్పుడు ఆ రాళ్ళు ఎవరి నెత్తిన పడతాయోనని భయంగా ఉంది. బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. పొయ్యి దగ్గర నిలబడడం తగ్గించావా అన్నావు. తగ్గించలేదు. అబద్ధం రాయను, ఈ ఉత్తరంలో మాత్రం రాయను.

నీ ఉత్తరం అంది ఏడు వారాలైంది. జవాబు రాయడానికి ఇన్నాళ్ళు పట్టిందంటే చేతకాక కాదు. అక్షరాలు వంకరపోతాయి గానీ రాయగలను. నువ్వు ఫోను ఎత్తడం మానేసిన పన్నెండు రోజులూ నాకు నిద్ర లేదు. పసిదానికి ఏదో అయిందనుకున్నా, అల్లుడి ఉద్యోగం పోయిందనుకున్నా, నేల కంపించిందేమోననుకుని మన అన్నం కొట్టుకి వచ్చిన ప్రతి వాణ్ణీ అడిగాను. పదమూడో రోజు ఉత్తరం వచ్చింది. పొయ్యి దగ్గరే నిలబడి చదివాను. చదివాక జాదో గిన్నె అడుగంటింది, అన్నం, మాంసం అంతా మాడిపోయింది, నాకు వాసన కూడా తెలియలేదు.

నువ్వు రాసింది నాకు నోటికొచ్చేసింది. డ్యూటీ దిగి మెట్రో ఎక్కాను, నిలబడే కునుకు తీస్తున్నాను, వెనక నుంచి ఎవరో నన్ను పిలిచారు అన్నావు. "పేరు పెట్టి కాదమ్మా, నా పిలుపుతో. నువ్వొచ్చావనుకున్నాను. ఆ గుంపులో నీ తల కోసం వెతికాను. ఎవరో సర్దార్జీ కుర్రాడు జేబులోంచి ఫోను తీసి హలో అన్నాడు. నేను దిగాల్సిన స్టేషను దాటిపోయింది." అలా రాశావు. ఆ తర్వాత వారంలో నాలుగుసార్లు అలాగే జరిగిందన్నావు. ఒకసారి వార్డులో, రోగి మంచం పక్కన, చేతిలో సూదితో ఉండగా. సూది పక్కన పెట్టి తలుపు వైపు చూశానన్నావు.

అల్లుడు జొవాయి పట్నం వాడు కదా, వాడికి లోయలో మన ఊరి సంగతి సరిగ్గా తెలియదు. ఈ ఉత్తరం వాడికి చదివి వినిపిస్తావని నాలుగు ముక్కలు రాస్తున్నాను. అల్లుడూ, మా ఊళ్ళో బిడ్డ పుడితే పేరు ఒకటి రిజిస్టరులో రాయిస్తాం, ఇంకొకటి తల్లి గుండెలోంచి వస్తుంది. దానికి మాటలుండవు, రాగమే. అడవిలో వక్కలు కోసేటప్పుడో, ఎదుటి కొండ మీద చేలో ఉన్నప్పుడో ఆ రాగంతోనే పిలుస్తాం. పేరు పెట్టి అరిస్తే అడవిలో ఉండేవి వింటాయి, పేరు నేర్చుకుంటాయి. రాగమైతే పక్షి అనుకుని ఊరుకుంటాయి. ఒకరి పిలుపు ఇంకొకరికి పెట్టరు. మనిషి పోతే ఆ పిలుపూ పోతుంది, మళ్ళీ ఎవరూ నోట పలకరు. నీ భార్య పుట్టిన నాలుగో రోజున, వాన వెలిసి కొండ మీదికి ఎండ వచ్చినప్పుడు, దాని పిలుపు నా నోట్లోకి వచ్చింది. అది దానిది. నాది కూడా కాదు.

అంత తెలిసిన దాన్ని నేను. నన్ను నువ్వు రెండు ప్రశ్నలడిగావు రిదాహున్. నా పిలుపు ఆ పాటల వాళ్ళకి ఎవరిచ్చారు అని ఒకటి. రెండోది ప్రశ్న కూడా కాదు, ఒట్టు పెట్టినట్టు రాశావు: "నా బిడ్డకి పిలుపు కట్టను. కట్టి దాన్నీ బజార్లో పెట్టుకోనా?" పసిది పుట్టిన కొత్తలో ఫోనులో, వస్తోందమ్మా, నాలుక చివర ఉంది, ఇవాళో రేపో అంటుండేదానివి. ఇప్పుడు పిల్లకి నాలుగో నెల దాటింది. పిలుపు లేని పిల్ల మన వంశంలో ఇంతవరకూ లేదు. ఏడు వారాలుగా నేను తింటున్నదీ తాగుతున్నదీ ఈ దిగులే.

నీకు మెట్రోలో జరిగినట్టే నాకూ జరిగిందని నీకు చెప్పలేదు. వేసవిలో పెద్ద బజారుకి వెళ్ళాను, బంగాళదుంపలు ఏరుతున్నాను, ఎవరో నిన్ను పిలిచారు. చేతిలోవి వదిలేసి తిరిగి చూశాను. నువ్వొచ్చావేమో, ఎవరో నిన్ను చూసి పిలుస్తున్నారేమో అనుకున్నా. దుంపలవాడి చొక్కా జేబులో ఫోను మోగుతోంది. "ఏంటవ్వా, దెయ్యాన్ని చూసినట్టు చూస్తున్నావ్? 'నిలువు రాళ్ళు' వాళ్ళ పాట. ఇప్పుడు అందరి ఫోన్లలో ఇదే" అన్నాడు. నేను దుంపలు అక్కడే వదిలేసి వచ్చేశాను.

మన కొట్టు పై గదిలో సాధన చేసుకునే 'నిలువు రాళ్ళు' నీకు తెలుసు. నలుగురు కుర్రాళ్ళు, పాడేవాడు నీతో ఆదివారం బడిలో చదువుకున్న బాన్‌షాన్. వాళ్ళు పాడే పాటల కన్నా ఆ పాటల మీద కింద మన బల్ల దగ్గర జరిగే తగువులు ఎక్కువ. టాక్సీ నడిపే శెమ్లాంగ్, టైలరు వాన్‌ఫ్రాంగ్, బడిపంతులమ్మ ఫిదాలియా, ఈ ముగ్గురూ మధ్యాహ్నం ఎర్ర టీకి కూర్చుంటే లేవరు. బ్యాండు వాళ్ళు ఏం చేసినా వీళ్ళకి తప్పే. చొక్కాలు మార్చినా తప్పే, మార్చకపోయినా తప్పే. అంత ప్రేమ మరి.

ఏడాదిన్నర కింద ఆ పాట వచ్చినప్పుడు, దాని మొదట్లో ఉన్న నీ పిలుపు వినగానే శెమ్లాంగ్ టీ గ్లాసు బల్ల మీద కొట్టాడు.

"ఇదేంటిది? ఏ ముసల్దాని మేక తప్పిపోయింది? గిటారుతో మొదలెట్టాలి గానీ ఈ కూతేంటి?"

"గిటారు కాదెహె, డ్రమ్ము" అన్నాడు టైలరు. "మూడేళ్ళ నుంచి మొత్తుకుంటున్నా, డ్రమ్ము వాణ్ణి వెనక్కి నెట్టేశారని. వినేవాడేడీ?"

"మీ ఇద్దరికీ దేవుడు చెవులు అతికించాడు, కన్నాలు పెట్టడం మర్చిపోయాడు" అంది ఫిదాలియా. "ఆ కూత లేకపోతే ఆ పాట ఉత్త అన్నం."

నేను వెనక్కి తిరిగి ఆవిడ పళ్ళెంలో ఇంకో మాంసం ముక్క వేశాను. ఎందుకు వేశానో ఆవిడకి తెలియదు. నీకు ఈ ఉత్తరం అయ్యేలోపు తెలుస్తుంది.

ఆరు నెలలు తిరిగేసరికి శెమ్లాంగే ఆ పిలుపు ఫోనులో పెట్టుకున్నాడు. ఎవరైనా ఏమైనా అంటే కొట్టడానికి పోయేవాడు. మొదటి నుంచీ ఇది గొప్పగా ఉందని చెప్పింది నేనే కదా అనేవాడు.

నువ్వు మామకి కూడా రాశావు కదా. ఉత్తరం అందిన రెండో రోజే మీ మామ బ్రెమ్లీ మన లోయలోంచి వచ్చేశాడు, గొడుగు చేత్తో పట్టుకుని, వాన పడుతున్నా తెరవకుండా. ఎంత కోపంగా ఉన్నాడో అప్పుడే తెలిసింది. పై గదిలోంచి బాన్‌షాన్‌ని పిలిపించాడు. ఆకూ వక్కా ఇచ్చాను, ముట్టుకోలేదు. ఇంటికొచ్చినవాడు వక్క ముట్టకపోవడం నా జన్మలో చూడలేదు, అందులో అన్న.

"నా మేనకోడలి పిలుపు నీకెవరిచ్చారు?" అన్నాడు.

నేను కిందికి చూసి వక్క కత్తిరిస్తున్నాను. బాన్‌షాన్ నా వైపు ఒకసారి చూశాడు.

"ఎవరూ ఇవ్వలేదు మామా. అవ్వ కింద పొయ్యి దగ్గర కూనిరాగం తీస్తుంటే నేనే చాటుగా పట్టి మిషన్‌తో పెంచాను. ఆవిడకి తెలియదు" అన్నాడు.

"తీసెయ్. ఇవాళే."

"అలాగే మామా."

అంతే. మామ నీకు అదే రాశాడు. ఆ తర్వాత నువ్వు మామకి, బాన్‌షాన్ మొహం జన్మలో చూడనని రాశావట.

మామ వచ్చిన మర్నాడే బ్యాండు వాళ్ళు ఫోన్లలో పెట్టారు, ఇకపై మొదటి పిలుపు లేకుండానే ఈ పాట పాడతాం, పాత రికార్డు కూడా తీసేస్తున్నాం, దయచేసి కారణం అడగవద్దు అని. శెమ్లాంగ్ పైకి చదివాడు. ఇంట్లో ఎవరో పోయినట్టే అనుకో. టీలు చల్లారిపోయాయి.

"అడగొద్దంటే? మనం ఎవరం మరి?" అన్నాడు శెమ్లాంగ్ ఆఖరికి. "వాన్లో నిలబడి వినడానికి మనం, అడగడానికి మాత్రం కాదా?"

"బొంబాయి కంపెనీ వాళ్ళు తీయించుంటారు" అన్నాడు టైలరు. "అక్కడి వాళ్ళకి నాజూకు పాటలు కావాలి."

"బాన్‌షాన్ పెళ్ళాం. ఇంకో ఆడదాని గొంతు ఉండకూడదనుంటుంది."

"ముసలి గొంతు మీద కూడా అసూయా?"

"చర్చి పెద్దలు అని ఉంటారు, అడవి పిలుపులు మనకెందుకని."

"అసలది మనిషి గొంతే కాదు. మిషన్‌తో చేశారు. ఎక్కడో పట్టుబడి ఉంటారు, అందుకే తీసేస్తున్నారు."

ఇలా వారమంతా. నేను గరిటె పట్టుకుని వాళ్ళ మధ్యనే తిరుగుతున్నాను. ఒక్కొక్కళ్ళ మాట వింటుంటే నా గుండె చప్పుడు వాళ్ళకి వినిపిస్తుందేమోనని గిన్నెలు గట్టిగా పెట్టేదాన్ని. "అవ్వకి కూడా కోపం వచ్చింది చూడండర్రా" అన్నాడు శెమ్లాంగ్.

ఈ నెల పదిహేడున, శనివారం, ఫుట్‌బాల్ మైదానంలో వాళ్ళ ఏటేటా జరిగే పెద్ద కచేరీ. మధ్యాహ్నం రెండింటికి మొదలు. నేను వెళ్ళకూడదనుకున్నాను. బాన్‌షాన్ వచ్చి, "రా అవ్వా, అది లేకుండా పాడతాం, నీ చెవులతో నువ్వే విను, నీకు మనసు కుదుటపడుతుంది" అని తీసుకెళ్ళి వేదిక పక్కన కుర్చీ వేశాడు. సన్నగా తుంపర. మైదానం నిండా గొడుగులు. పదివేల మంది ఉంటారన్నారు. తొక్కిసలాట జరుగుతుందేమో, గేటు ఒకటే ఉందే, ఎటు పారిపోవాలా అని చూసుకుంటూ కూర్చున్నాను.

మొదటి పాటే అది. ఇదివరకు పిలుపు ఉండే చోట వాళ్ళు ఏమీ పెట్టలేదు. ఊరికే ఆగారు. నాలుగు ఊపిర్ల సేపు ఏ చప్పుడూ లేదు.

ఆ చప్పుడు లేని చోట ఎవడో ఒకడు ఈలేశాడు. నీ పిలుపే. చివరి మెలిక కూడా తప్పకుండా. శెమ్లాంగే అయ్యుంటాడు. వాడి పక్కన ఇంకొకడు. ఆ తర్వాత వరసలు వరసలుగా అందుకున్నారు తల్లీ. ఆడా మగా, చంకలో పిల్లలున్నవాళ్ళూ, పోలీసులూ. తీసేసిన వాళ్ళ మీద పంతం పట్టినట్టు మైదానం మొత్తం నోళ్ళు తెరిచి నిన్ను పిలిచింది. ఎదుటి కొండకి తగిలి మళ్ళీ వెనక్కి వచ్చింది, కొండ కూడా పిలిచినట్టు.

లేచి నిలబడ్డాను. ఏం చేశానో తెలుసా, గేటు వైపు చూశాను. నువ్వు ఢిల్లీలో ఉన్నావని తెలుసు. తెలిసీ చూశాను. ఇంతమంది పిలిస్తే రాకుండా ఎలా ఉంటుంది అనుకున్నాను.

బాన్‌షాన్ గిటారు మీద చెయ్యి తీసేశాడు. "ఆపండి" అన్నాడు. వాళ్ళు అదీ ఆటలో భాగం అనుకుని ఇంకా గట్టిగా పిలిచారు. మూడోసారి కూడా. అప్పుడు వాడు మైకు దగ్గరికొచ్చి, గొంతు పెంచకుండా చెప్పాడు: "అది పాట కాదు. ఒక మనిషి పేరు. ఆ మనిషి బతికే ఉంది. మీ ఫోను మోగినప్పుడల్లా వాళ్ళమ్మ పిలిచిందనుకుని తల తిప్పుతోంది. అడక్కుండా దొంగిలించింది నేను. తప్పు నాది. ఇక పిలవకండి."

పిలుపు ఆగింది. ఎక్కడి నుంచో ఒక నారింజ తొక్క వచ్చి వాడి భుజం మీద పడింది. ఇంకొకటి. "దొంగ" అన్నారు ఎవరో. తర్వాత చాలామంది అన్నారు. సగం మంది వెళ్ళిపోయారు. మిగిలిన పాటలు వాళ్ళు పాడలేదు.

సోమవారం కొట్టులో మళ్ళీ ముగ్గురూ.

"అంత మందిలో చెప్పాల్సింది కాదు" అన్నాడు టైలరు. "చెప్పకపోతే ఎవరికి తెలిసేది?"

"చెప్పాలి గానీ మొదటి పాటకే చెప్తారా? చివర్న చెప్పాల్సింది. కచేరీ అయినా దక్కేది."

"ఏడాదిన్నర కిందే చెప్పాల్సింది."

"చెప్పినా చెప్పకపోయినా దొంగ దొంగే" అన్నాడు శెమ్లాంగ్. "కన్నతల్లి నోట్లోంచి దొంగిలించాడు. ఛీ. పదేళ్ళు వాడి వెనక తిరిగినందుకు నన్ను నేను కొట్టుకోవాలి."

నా చేతిలో పళ్ళెం బల్ల మీద పెట్టేశాను. "వాడు దొంగ కాదు. ఆ గొంతు నాది. నేనే ఇచ్చాను" అన్నాను.

ముగ్గురూ నన్ను చూశారు. శెమ్లాంగ్ ముందు నవ్వాడు.

"అవ్వా, నీ పుణ్యముంటుంది, కూరలో ఉప్పు సరిగ్గా వేయి చాలు. పై గది అద్దెకి పోతుందని వెనకేసుకొస్తున్నావా?"

"ఆ గొంతు విన్నావా నువ్వు?" అన్నాడు టైలరు. "లోయ నిండే గొంతది. నువ్వు పళ్ళెం అందుకోరా అంటేనే మధ్యలో దగ్గొస్తుంది."

"సరే, నీ గొంతే అనుకుందాం. ఏదీ, ఒక్కసారి పిలువు. నమ్ముతాం."

నోరు తెరిచాను తల్లీ. నమ్మించడానికి అదొక్కటే దారి. ఊపిరి కూడా తీసుకున్నాను. కానీ వాడు దొంగ కాదని చూపించాలంటే మళ్ళీ బజార్లో నిల్చుని నిన్ను పిలవాలి. నోరు మూసుకున్నాను. వాళ్ళు నవ్వుకున్నారు. ఫిదాలియా నవ్వలేదు. నా మొహం వైపే చాలాసేపు చూసి, ఫోను తీసి ఏదో నొక్కింది. వెళ్ళేటప్పుడు నా దగ్గరికొచ్చి, "నా ఫోనులోంచి తీసేశానవ్వా. పిల్లల చేత కూడా తీయిస్తాను" అని చెవిలో చెప్పింది. శెమ్లాంగ్ ఇంకా తీయలేదు. తీసేస్తే బాన్‌షాన్ చెప్పిన మాట విన్నట్టవుతుందట.

పై గదికి పది రోజులుగా తాళం. డ్రమ్ము కుర్రాడు ఇంక రానన్నాడు. బాన్‌షాన్ ఇంట్లోంచి బయటికి రావడం లేదు.

ఇప్పుడు రాయాల్సింది రాస్తున్నాను. కళ్ళద్దాలు తుడుచుకుని రెండుసార్లు పొయ్యి ఆరిందో లేదో చూసొచ్చాను, ఆరి ఉంది, ఇక సాకులు లేవు.

రెండేళ్ళ కింద, నువ్వు ఢిల్లీ వెళ్ళిన మూడో నెలలో, ఫోనులో నిన్ను పిలుపుతో పిలిచాను. గుర్తుందా? "అమ్మా, వార్డులో ఉన్నాను, మెల్లగా" అన్నావు. తప్పు నీది కాదు. ఆ తర్వాత నేను మళ్ళీ పిలవలేదు. ఇక్కడ సందులో నిలబడి అరిస్తే పిచ్చిదంటారు. లోయకి వెళ్ళి పిలుద్దామంటే కొట్టు వదిలి వెళ్ళలేను. గొంతులో అడ్డం పడి ఉండేది అది. రాత్రీ పగలూ. కూనిరాగం కూడా తీయలేదు నేను. పొయ్యి దగ్గర ఏనాడూ తీయలేదు. బాన్‌షాన్ చెప్పిందంతా నా కోసం చెప్పిన అబద్ధం.

ఒకరోజు వాళ్ళకి టీ పట్టుకుని పైకి వెళ్ళాను. గోడల నిండా కోడిగుడ్ల అట్టలు, పాత పరుపులు కొట్టి ఉన్నాయి. ఎందుకురా ఇవన్నీ అంటే, "ఇక్కడ ఎంత అరిచినా చీమకి కూడా వినబడదవ్వా" అన్నాడు బాన్‌షాన్. ఎంత అరిచినా? అన్నాను. ఎంత అరిచినా అన్నాడు. టీ గ్లాసులు కింద పెట్టి, నేను కాసేపు ఒక్కదాన్నీ ఉండొచ్చా అని అడిగాను. వాళ్ళు నవ్వి బయటికి వెళ్ళారు. తలుపు మూసుకుని నిన్ను పిలిచాను. ఎదుటి కొండ మీద ఉన్నట్టు, చీకటి పడేలోపు ఇంటికి రమ్మన్నట్టు, పొడుగు పిలుపు. మూడుసార్లు. డెబ్బై ఏళ్ళ గొంతులోంచి అంత శబ్దం ఎలా వచ్చిందో నాకే తెలియదు. బయటికి వస్తే బాన్‌షాన్ మొహం తెల్లగా పాలిపోయి ఉంది. యంత్రం ఆపడం మర్చిపోయాడట. "అవ్వా, ఇది రికార్డులో పడిపోయింది, చెరిపేస్తాను" అన్నాడు. ఒకసారి వినిపించు అన్నాను. వినిపించాడు. చెరిపెయ్యనా అన్నాడు మళ్ళీ.

వద్దు అన్నాను. ఉంచుకో అన్నాను. నీ పాటలో పెట్టుకుంటావా అని నేనే అడిగాను. వాడు వద్దన్నాడు, ఇది మీ వాళ్ళ పిలుపు కదా, తప్పు కదా అన్నాడు. నేనే రెండు రోజులు వాడి వెంటపడ్డాను.

ఎందుకో చెప్తాను. వాళ్ళ పాటలు ఢిల్లీ దాకా వెళ్తాయన్నారు. నువ్వు ఎక్కడో బస్సులోనో దుకాణంలోనో వింటావు, తల తిప్పుతావు, అమ్మ పిలుస్తోందని తెలుస్తుంది, వస్తావు అనుకున్నాను. నిన్ను తల తిప్పించడానికే ఇచ్చాను. నువ్వు తల తిప్పావు. నేను కోరుకున్నదే జరిగింది, నీ ఉత్తరం చదువుతుంటే అదే నా గుండెల్లో గుచ్చుకుంది. ఆ గుంపులో నా తల కోసం వెతికావు, నేను లేను.

మామ అడిగినప్పుడు చెప్పాల్సింది. మైదానంలో వాడి మీద తొక్కలు పడుతుంటే లేచి చెప్పాల్సింది. వక్క కత్తిరిస్తూ కూర్చున్నాను, కుర్చీ పట్టుకుని నిలబడ్డాను. నువ్వు నాతో మాట్లాడవేమోనన్న భయంతో ఇంకొకరి బిడ్డని దొంగని చేశాను.

మొన్న ఆదివారం ప్రార్థన అయ్యాక మామకి అంతా చెప్పాను. ఈసారి నేనిచ్చిన వక్క తీసుకుని నోట్లో వేసుకున్నాడు. టోపీ పెట్టుకుని బాన్‌షాన్ ఇంటికి వెళ్ళి, ఆ గుమ్మంలో నిలబడి, అంత పెద్ద మనిషి, తప్పు మాది నాయనా అన్నాడు. తిరిగొచ్చి, "బాన్‌షాన్ చెప్పినట్టే మైకులో నేనే చెప్తాను ఆ జనానికి, నా మాట ఎవడు నమ్మడో చూస్తాను. కూతురికి మాత్రం నువ్వే రాయి" అన్నాడు. అందుకే ఇవాళ కొట్టు మూసి రాస్తున్నాను.

బాన్‌షాన్ మీద కోపం నా మీదికి మార్చుకో తల్లీ. అది ఒకటి అడుగుతున్నాను. శెమ్లాంగ్ లాంటి వాళ్ళ ఫోన్లలోంచి నీ పిలుపు వెనక్కి తేవడం నా వల్ల కాదు. కొందరు తీస్తారు, కొందరు తీయరు. ఏళ్ళు పడుతుంది. తల తిప్పినప్పుడల్లా నన్ను తిట్టుకో.

పసిదానికి పిలుపు కట్టమని చెప్పడానికి నాకు నోరు లేదు. కట్టకపోతే అది నీ ఇష్టం. కానీ నాలుక చివరి దాకా వచ్చిందాన్ని నా మీద కోపంతో మింగేసి ఉంటే, మింగకు. అది నాకు వేసే శిక్ష కాదు, పసిదానికి పడే శిక్ష. నువ్వు కడితే, దానికి పాడే వేళకి నేను గది వదిలి వెళ్ళి వీధిలో నిలబడతాను. నాకు వినిపించొద్దు. నీకు నమ్మకం కలిగి నీ అంతట నువ్వు రమ్మనేదాకా నేను దాన్ని పాపా అనే పిలుస్తాను, ఆ వీధిలో మిగతా వాళ్ళంతా పిలిచినట్టు. దాని అమ్మమ్మనై ఉండి దాని పిలుపు తెలియకుండా పోతాననుకో, పోనీ. దానికి ఉంటే చాలు.

మామ మా ఇద్దరికీ ఢిల్లీ టికెట్లు తీయించాడు. గౌహతి దాటి నేనెప్పుడూ వెళ్ళలేదు, రెండు రోజులు రైల్లో ఎలా కూర్చుంటానో, పెట్టె ఎవరెత్తుకుపోతారో, స్టేషనులో తప్పిపోతానేమో, ఇవన్నీ ఉన్నాయి. అయినా వస్తున్నాను. నన్ను చూడ్డం ఇష్టం లేకపోతే అల్లుణ్ణి పంపు, మీ వీధి చివర ఎక్కడైనా ఉంటాం, పసిదాన్ని ఒకసారి దూరం నుంచి చూపిస్తే చాలు. వచ్చే నెల పదహారు సోమవారం గౌహతిలో రైలెక్కుతున్నాం. ఢిల్లీలో దిగేది నవంబరు పద్దెనిమిది, బుధవారం పొద్దున్న.

ఇట్లు,
నీ పిలుపు నీకు దక్కనివ్వని
అమ్మ